నాలుగో బిందె

తాండూరు నుంచి వికారాబాదు దాకా రైలు పట్టాల వెంట నిలబడ్డ కరెంటు స్తంభాలన్నింటికీ పాండురంగం మిస్త్రీ అంటే భయమూ భక్తీ. అతను కింద నడిచిపోతుంటే పైన తీగలు కొంచెం వంగేవి. గోడకు చెవి ఆనించి, లోపల తీగ ఎక్కడ తెగిందో జానెడు తేడా లేకుండా చెప్పేవాడు. ఒకసారి ఎవరింట్లోనో బల్బు వెలగడం లేదని పిలిస్తే, గడపలోనే నిలబడి గాలి వాసన చూసి, "నుక్సు ఈడ లేదు, మూడో ఇంట్ల ఉంది" అన్నాడు. పోయి చూస్తే అక్కడే ఉంది. నుక్సు అంటే లోపం, దాన్ని పట్టడంలో అలాంటి మొనగాడు ఆ చుట్టుపక్కల నాలుగు తాలూకాల్లో పుట్టలేదు. శంకరప్ప సావుకారి ఇంట్లో హమామ్ కోడలిని కరుస్తుందని ఊరంతా చెప్పుకుంటున్నప్పుడు దాని జబ్బు కనిపెట్టింది కూడా అతనే. అదీ పావుగంటలో.

హమామ్ అంటే స్నానానికి నీళ్లు కాచే రాగి పీపా. అందరిళ్లలో దాని కడుపులో బొగ్గులు వేసేవాళ్లు. శంకరప్పకు బండల గనులున్నాయి గనుక, తాండూరుకు కరెంటు వచ్చాక హైదరాబాదు నుంచి కరెంటుతో కాగే హమామ్ తెప్పించాడు. లోపల ఒక గొట్టం, గొట్టంలో తీగచుట్ట, బయట ఒక ఇత్తడి నల్లా. స్విచ్చి వేస్తే పొగ లేకుండా నీళ్లు కాగేవి. చూడటానికి జనం వచ్చేవాళ్లు. ఇది అరవై రెండో సంవత్సరం చలికాలం నాటి మాట.

ఆ ఆదివారం పొద్దున పాండురంగం భార్య హన్మమ్మ పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె తడుతోంది.

"రొట్టెలు చాలు గని సంచి సదురు. సావుకారింటికి పోవాలె. లైటు పట్టెటందుకు నువ్వు రావాలె," అన్నాడు మొగుడు.

చాలు అన్నప్పుడు అతని రొట్టెలు మూడూ అయిపోయాయి. ఆమెవి ఇంకా పిండిగానే ఉన్నాయి. పదమూడేళ్ల కాపురంలో చాలు అన్న మాట ఎప్పుడూ సరిగ్గా అక్కడే పడుతుంది. ఆమె పిండి మీద గిన్నె బోర్లించి, చేతులు కడుక్కుని, సంచి సర్దింది. తీగలు మెలిపెట్టే పక్కడు, మరలు తిప్పే పేచ్‌కస్, ఫ్యూజు తీగ, నల్ల టేపు, ఆ పైన పరీక్ష బల్బు. పరీక్ష బల్బు అంటే పెద్ద యంత్రమేమీ కాదు. ఒక చిన్న బల్బు, దాని హోల్డరుకు రెండు పొడుగు తీగలు. అనుమానమున్న చోట ఆ రెండు కొసలూ ఆనిస్తే, కరెంటు ఉంటే వెలుగుతుంది, లేకుంటే లేదు.

ఇక్కడ నేను పైన చెప్పిన గొప్పలు కొన్ని వెనక్కి తీసుకోవాలి. తీసుకోవడానికి నాకేం కష్టం లేదు, ఇచ్చింది నేనే కదా. పాండురంగం గోడకు చెవి ఆనించేవాడు, నిజమే. అలసిపోయినప్పుడు. రెండేళ్ల కింద స్తంభం మీద కరెంటు కొట్టి కిందపడ్డప్పటి నుంచి అతని ఎడమచెయ్యి వణుకుతుంది. చెయ్యి ఒక్కటే కాదు, లోపల మనిషి కూడా. లారీ టైరు కోసి కుట్టించిన, కరెంటు పారని రబ్బరు చెప్పులు వేసుకోకుండా, పూజగది ముందైనా సరే, ఒక్క తీగ ముట్టడు. ఆ సంగతి ఊరికి తెలియదు. "గాడ పెట్టు, గీడ పెట్టు" అని వేలుతో చూపిస్తాడు. కొసలు ఆనించేది హన్మమ్మ. చూపించిన చోట వెలగకపోతే, చూపించని చోట ఆనించేది కూడా ఆమే. వెలిగాక అతను గొంతు సవరించుకుని, "నేను అనుకున్నట్టే అయింది" అంటాడు. ఊళ్లో ఆమెకు పేరు లేదు. లైటు పట్టే మనిషి అంటారు. ఆ హమామ్ నుక్సు పట్టింది ఆ లైటు పట్టే మనిషే. పావుగంటలో కాదు, ఒక పూట పట్టింది.

దారిలో పాండురంగం చెప్పాడు. మూణ్నెల్ల కింద కూడా సావుకారి పిలిస్తే తానొక్కడే పోయి చూశాడు. కోడలు నల్లా ముట్టుకుంటే కరుస్తుందని ఏడుస్తోందట. ఫ్యూజు చూశాడు, ప్లగ్గు చూశాడు, హమామ్ ఒంటి మీద చెయ్యి కూడా పెట్టి చూశాడు. ఏమీ లేదు. అంతా సక్కగుంది అని చెప్పి వచ్చాడు.

"అప్పుడు చెప్పులు ఇడిసినవా?" అని అడిగింది హన్మమ్మ.

"నడువు నడువు. ఎండెక్కుతుంది," అన్నాడు.

సావుకారి ఇంట్లో ముందు గదిలో చాప మీద ఒక బక్కపలచని మనిషి టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన కోడలు అరుణాదేవి తండ్రి, వికారాబాదు బడిలో పంతులు. తంతి కొట్టి పిలిపించారు. శంకరప్ప కుర్చీలో కూర్చుని పాండురంగంతో ఉన్నమాట ఉన్నట్టు చెప్పాడు.

"మల్లొక్కసారి సూసి చెప్పు పాండురంగం. హమామ్ ఖరాబుంటే బాగు చేద్దం. హమామ్ మంచిగుంటే పిల్ల తలకాయ మంచిగ లేనట్టు. మూణ్నెల్లాయె తానమంటే ఒర్రబట్టి, నాలుగు దినాల సంది తానమే లేదు. తానం చెయ్యనిది వంటింట్లకు రాదు, పూజకు రాదు. గసొంటి మనిషిని ఇంట్ల ఎట్ల పెట్టుకుంటం? మూడు గంటల రైలుకు వాళ్ల నాయిన తోల్కపోతడు. పిలగాడు మాత్రం ఈడ్నే ఉంటడు."

పిల్లవాడు ఎనిమిది నెలలవాడు. అప్పుడు వాడు నాయనమ్మ శాంతవ్వ ఒళ్లో ఉన్నాడు. ఆమె వాడి వీపు నిమురుతూ, "ఇంట్ల నలుగురు తానం చేస్తరు మిస్త్రీ. ముగ్గుర్ని ఏమనది, గీమెనొక్కదాన్నే కరుస్తది. అది గూడ దినాం కాదు. ఒకనాడు కరుస్తది, రెండునాళ్లు ఊకుంటది. హమామ్‌కు వారం వర్జ్యం గూడ తెలుసేమో మరి," అన్నది.

అందరూ నవ్వారు. పంతులు కూడా నవ్వబోయి మానుకున్నాడు.

పాండురంగానికి చాయ్ వచ్చింది. హన్మమ్మను పెరటి వైపు నుంచి స్నానాలగదికి పొమ్మన్నారు. అక్కడ గడప మీద అరుణాదేవి కూర్చుని ఉంది. ఇరవై ఏళ్లుంటాయి. తల దువ్వి నాలుగైదు రోజులై ఉంటుంది. పక్కన బట్టల మూట. పిల్లవాడి బట్టలు అందులో లేవు, ఒక చిన్న ఊలు టోపీ మాత్రం ఆమె పిడికిట్లో ఉంది.

హన్మమ్మ ఆమె పక్కన గొంతుక్కూర్చుంది. "ఎప్పుడు కొడ్తది బిడ్డా?"

పిల్ల మొహం ఎత్తి చూసింది. "కొడ్తదా, కొట్టదా అని అడిగిండ్రు గని, ఎప్పుడు కొడ్తదని ఎవ్వరు అడగలే అక్కా."

"నేను అడుగుతున్న గద. చెప్పు."

"మొదటి బిందె మామయ్యకు పడ్త. అప్పుడు ఏముండది. రెండోది మా ఆయనకు. అప్పుడు చేతుల మీద చీమలు పారినట్టుంటది. మూడోది అత్తమ్మకు. అప్పుడు సూదులు. నాలుగోది నాది. నల్లా మీద చెయ్యి పెడ్తే భుజం దాంక ఎవరో పట్టి మెలేసినట్టు. ఒకసారి చెయ్యి ఊడి రాలే. బిందె కాళ్ల మీద పడ్డది."

పాదం మీద నల్లటి మచ్చ చూపించింది.

"వాళ్లు నల్లా ముట్టరా?"

"ఎందుకు ముడ్తరక్కా. బిందె నింపి గంగాళంల పోస్త. వాళ్లు పీట మీద కూసోని చెంబుతోటి ముంచుకుంటరు. పూజ చేసెటోళ్ల నీళ్లు పనిమనిషి గూడ ముట్టొద్దు. నేనే ముట్టాలె."

"నువ్వు దేని మీద నిలబడ్తవు?"

"బండ మీద. పీటలు పెద్దోళ్లవి గద."

"దినాం కొట్టదంట?"

"కొట్టదు. గదే నా కర్మ. కొట్టిననాడు ఒర్రుత, కొట్టనినాడు ఊకుంట. అందుకే నాటకమంటరు. నాగ్గూడ అనుమానమొస్తది. నాకే ఏమన్న అయిందా అని."

హన్మమ్మ గోడ వైపు చూసింది. రెండు కాళ్ల ప్లగ్గు ఊడదీసి వేలాడుతోంది. "గిది ఎవరు పెడ్తరు?"

"మా ఆయననే. ప్లగ్గు పెట్టుడు, స్విచ్చి ఏసుడు మొగోళ్ల పని. నల్లా నా పని."

ఆ మాట దగ్గరే హన్మమ్మకు సగం కథ అర్థమైంది. మిగతా సగానికి కాగిన నీళ్లు కావాలి. లేచి పోయి ముందు గది గుమ్మం దగ్గర నిలబడి, "గంట సేపు కాగనియ్యాలె. నాలుగు బిందెలు పట్టాలె," అంది.

పాండురంగం చాయ్ గ్లాసు దించాడు. "సల్లగున్నప్పుడే చూస్తరు నుక్సు. నాకు నేర్పుతున్నవా?"

"సల్లగున్నప్పుడు నువ్వు చూసినవు గద. ఏం లేదంటివి."

అక్కడ సావుకారి, ఆయన కొడుకు, పంతులు ఉన్నారు. పాండురంగం మొహం ఎర్రబడింది. శంకరప్పే, "కానీ, కాగనియ్యి. రైలుకు ఇంక శాన సేపుంది," అన్నాడు. కొడుకు వచ్చి ప్లగ్గు గుచ్చి, స్విచ్చి వేసి, పెళ్లాం కూర్చున్న వైపు చూడకుండా వెళ్లిపోయాడు. శాంతవ్వ లోపలి నుంచి, "నువ్వు ముట్టిన హమామ్ మల్ల చింతపండు పెట్టి తోమాలె. పోయే ముందు కోడలితోటే తోమిస్త," అన్నది.

నీళ్లు కాగేదాకా ఇద్దరాడవాళ్లూ అక్కడే కూర్చున్నారు. లోపల పిల్లవాడు ఏడుపందుకున్నాడు. ఆకలి ఏడుపు అది, తల్లికి వేరే చెప్పాలా. అరుణాదేవి కదల్లేదు. రెండు మోకాళ్లూ దగ్గరికి తీసుకుని వంగింది. రవిక ముందు భాగం తడిసింది, కొంగు కప్పుకుంది, కొంగు కూడా తడిసింది. స్నానం చెయ్యని మనిషి పిల్లవాణ్ణి ముట్టకూడదని నాలుగు రోజుల నుంచి వాడికి ఆవుపాలు పడుతున్నారట. హన్మమ్మ ఆ తడి వైపు చూడకుండా హమామ్ వైపు చూసింది. తనకూ ఇలాంటి ఒక నెల ఉంది. పెళ్లయిన రెండో ఏడు, కడుపుతో ఉన్నప్పుడు, నడుము కింద ఏదో పట్టి లాగుతున్నట్టు ఉండేది. నీళ్లు మోస్తే ఎక్కువయ్యేది, పడుకుంటే తగ్గేది. అత్త అన్నది, "పని చూస్తె నొస్తది, మంచం చూస్తె తగ్గుతది, గిదేం నొప్పే." మొగుడు అన్నాడు, "మా అమ్మకు ఆరుగురు పుట్టిండ్రు, ఎన్నడన్న మూలిగిందా?" ఆ మాటలు పదేపదే విని, నొప్పి లేస్తే నిజంగా నొప్పేనా అని తననే తాను అడుక్కోవడం అలవాటైంది. అడుక్కుంటూనే బిందెలు మోసింది. ఐదో నెలలో బావి దగ్గరి మెట్ల మీద అంతా అయిపోయింది. అప్పుడు అత్త ఏడ్చింది, మొగుడూ ఏడ్చాడు. "చెప్పొద్దా మరి" అన్నారు. తర్వాత మళ్లీ కడుపు పండలేదు. ఆ నొప్పి ఎప్పుడు వచ్చేది, ఏం చేస్తే వచ్చేది అని అప్పుడు ఒక్కరు, ఒక్కసారి అడిగి ఉంటే, పని ఎక్కువైనప్పుడే వస్తోందన్నది పనిదొంగతనానికి గుర్తు కాదనీ, జబ్బుకు గుర్తనీ తెలిసేది. మొగుడి సంచి మోయడం మొదలుపెట్టాక ఆమెకు అది తీగల దగ్గర తెలిసింది. నుక్సు ఊరికే రాదు, ఊరికే పోదు. ఎప్పుడు వస్తుందో అడిగితే ఎక్కడుందో అదే చెబుతుంది. తీగను అడగడానికి పాండురంగం కూడా సిగ్గుపడడు. మనిషిని అడగడమే ఎవరికీ రాదు.

నీళ్లు కాగాయి. హన్మమ్మ ముందు పెరట్లోని గడ్డపారను తూము దగ్గరి తడిమట్టిలో లోతుగా దిగ్గొట్టింది. బల్బు తీగల్లో ఒక దాని కొస దానికి చుట్టింది. రెండో కొస నల్లాకు ఆనించేముందు, ఆ ఇంటి కోడలు చేసినట్టే తానూ ఒకసారి చేసి చూడాలనిపించింది. మొదటి బిందె పట్టింది, గంగాళంలో పోసింది. ఏమీ లేదు. రెండో బిందెకు బండ మీద నీళ్లు చిందాయి, వేళ్ల కొసల్లో జివ్వుమంది. మూడోదానికి అరికాళ్ల కింద బండంతా తడిసి కరెంటుకు దారి ఇచ్చింది, వేళ్లకు సూదులు గుచ్చుకున్నాయి. నాలుగో బిందె పెట్టి నల్లా తిప్పగానే చెయ్యి ఆమెది కాకుండా పోయింది. పళ్లు గిట్టకరుచుకున్నాయి. ఎట్లాగో వెనక్కి పడింది.

"ఒర్రలేదేంది అక్కా?" అంది అరుణాదేవి, ఆమెను లేపుతూ.

ఒర్రితే ఎవరన్నా వస్తారన్న నమ్మకం ఈ పిల్లకు ఇంకా ఉంది, హన్మమ్మకు అది ఎప్పుడు పోయిందో గుర్తు లేదు. "నిజమే బిడ్డా. కరుస్తది," అంది. ఆ ఒక్క మాటకు అరుణాదేవి గోడకు తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది.

ఆ తర్వాత పని చకచకా జరిగింది. తీగ కొస నల్లాకు ఆనిస్తే బల్బు వెలిగింది. హన్మమ్మ ప్లగ్గు ఊడదీసి, కాళ్లు తిరగేసి గుచ్చి, మళ్లీ ఆనించింది. ఈసారి బల్బులో తీగ బీడీ కొసలా ఎర్రగా కనిపించిందంతే. సావుకారి కొడుకు ఏ రోజు ప్లగ్గు ఎటు తిప్పి గుచ్చితే ఆ రోజు హమామ్ అలా ఉంటుంది. ఒకటి కరిచే వైపు, ఒకటి కరవని వైపు. హమామ్‌కు వారమూ వర్జ్యమూ తెలియవు.

ప్లగ్గు తీసి, నీళ్లు వంపి, అడుగున మూత విప్పి గొట్టం బయటికి లాగింది. ఒక కొసన జానెడు పొడవున వెంట్రుకంత సన్నటి పగులు. చల్లగా ఉన్నప్పుడు మూసుకుంటుంది, కాగితే విచ్చుకుంటుంది. విచ్చిన పగులు అంచుల మీద కూడా గవ్వ వీపులా తెల్లగా సున్నం పేరుకుని ఉంది. తాండూరు నీళ్లు ఎట్లాంటివో ఆ ఊరి గిన్నె తోమిన ప్రతి ఆడదానికీ తెలుసు. బండల్లోంచి వచ్చే నీళ్లు, కాచిన ప్రతి గిన్నెకూ సున్నం పూస్తాయి. కానీ ఒక్క రోజులో పూయవు. అంత మందం పేరుకోవాలంటే మూడు నెలలన్నా కావాలి. ఆ సున్నం చాలు, ఈ పిల్ల మొదటి రోజు నుంచీ నిజమే చెప్పిందనడానికి.

హన్మమ్మ గొట్టాన్ని మొగుడి చేతిలో పెట్టింది. "నిన్నటి నుక్సు గాదు ఇది. సున్నం చూడు. వాళ్లకు చెప్పు," అంది మెల్లగా. తానే చెప్పొచ్చు. కానీ ఆ గదిలో తన మాట ఎంత దూరం పోతుందో ఆమెకు తెలుసు. తీగలో కరెంటున్నా బల్బు దాకా అందాలి కదా. ఆ ఇంట్లో మిస్త్రీ నోటి నుంచి వస్తేనే అది మాట.

మగవాళ్లంతా పెరట్లోకి వచ్చారు. పంతులు టోపీ పెట్టుకున్నాడు, రైలు వేళవుతోంది. శాంతవ్వ పిల్లవాణ్ణి చంకనేసుకుని గుమ్మంలో నిలబడింది. అందరూ పాండురంగం వైపు చూశారు. పాండురంగం గొట్టం వైపు చూశాడు. ఈ పగులు మూణ్నెల్లదని ఒప్పుకుంటే ఆ రోజు తాను చూసింది చూపు కాదని ఒప్పుకున్నట్టు. చెప్పులు వేసుకుని, చల్లటి హమామ్ మీద చెయ్యి పెట్టి, సక్కగుంది అన్నాడని తాండూరంతా చెప్పుకుంటుంది. ఎవరూ ఇక పనికి పిలవరు. అతను గొట్టాన్ని అటూ ఇటూ తిప్పాడు. తర్వాత తల ఎత్తి ఇట్లా అన్నాడు.

"తప్పు నాది, సావుకారి. గిది మూణ్నెల్ల సంది ఉన్న నుక్సు, గీ సున్నమే సాక్ష్యం. నాకు కరెంటంటే భయం, చెప్పులిడిసి చూడలే. మీ కోడలు ఒక్కనాడు గూడ అబద్ధమాడలే. కనిపెట్టింది నేను గాదు, మా ఇంటామె."

పంతులు టోపీ తీసి కళ్లు తుడుచుకున్నాడు. శంకరప్ప భార్య వైపు చూశాడు. శాంతవ్వ నడిచి వచ్చి, పిల్లవాణ్ణి తల్లి ఒళ్లో పెట్టింది. వాడు తడి రవిక మీదికి మొహం తిప్పుకున్నాడు. మూడు గంటల రైలుకు పంతులు ఒక్కడే వికారాబాదు వెళ్లాడు.

నేను చెప్పే కథ ఇంతే. ఇందులో నా కల్పన ఏదో చెప్పేస్తాను. తీగలు వంగడమూ, గాలి వాసన చూడటమూ మీరెలాగూ నమ్మలేదు గనుక అవి కల్పన కిందికి రావు. కల్పించింది పాండురంగం తల ఎత్తాక జరిగింది. ఆ ఆదివారం పాండురంగం ఆ మాటలు అనలేదు. గొట్టాన్ని తిప్పుతున్నట్టే తిప్పుతూ, బొటనవేలి గోటితో ఆ సున్నాన్ని గీకేశాడు. ఆ పొడి రాలి బండ మీది తడిలో కలిసిపోయింది. "కొత్త నుక్సు, సావుకారి. నిన్న మొన్నటిది. ఆనాడు నేను చూసినప్పుడు లేకుండె," అన్నాడు.

"అంటే మూణ్నెల్లు ఒట్టిగనే ఒర్రిందన్నట్టు," అన్నది శాంతవ్వ.

"నిన్నటిది గాదు," అన్నది హన్మమ్మ, అందరికీ వినబడేటట్టు. సావుకారి ఆమె వైపు చూడలేదు. నా వైపు చూశాడు. అవును, నా వైపే. పాండురంగం మిస్త్రీని నేనే. నేను నవ్వాను. "అది లైటు పట్టేది, సావుకారి. దానికేం తెల్సు," అన్నాను.

మూడు గంటల రైలుకు అరుణాదేవి వెళ్లిపోయింది. పిల్లవాడు ఇక్కడే ఉన్నాడు. హన్మమ్మ పరీక్ష బల్బును అక్కడే బండ మీద పెట్టి, ఆ తండ్రీకూతుళ్ల వెనక స్టేషనుకు నడిచింది. వాళ్లతోపాటు రైలెక్కి, ప్లగ్గు సంగతీ, సున్నం సంగతీ వికారాబాదు దాకా ఆ పంతులుకు విడమరిచి చెప్పిందట. ఆయన మూడుసార్లు తాండూరు వచ్చి శంకరప్ప కాళ్లావేళ్లా పడ్డాడు. మిస్త్రీ చెప్పినమాట మిస్త్రీ చెప్పినట్టే ఉంది కదా అన్నారు. పిల్లవాణ్ణి ఇవ్వలేదు.

హన్మమ్మ మూడో రోజు ఇంటికొచ్చింది. వంట చేసింది. తన రొట్టెలు ముందు చేసుకుని తిన్నది. "ఇగ నేను లైటు పట్ట," అన్నది. తర్వాత పట్టలేదు. నేను పిలిచాను, బతిమాలాను, ఒకసారి చెయ్యి కూడా ఎత్తాను. రాలేదు. ఏడాది తిరగకుండా నా పని సన్నగిల్లింది, ఎందుకో ఊరికి అర్థం కాలేదు.

ఆమె మనసులో నడిచిన సంగతులు ఇన్ని ఎలా రాశానంటారా, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆమే చెప్పింది. ఏడాదికొకటి, రెండేళ్లకొకటి, ఇటు తిరిగీ కాదు, గోడ వైపు తిరిగి. ఆ రోజు నేను సావుకారితో అని ఉండాల్సిన మాటలు కూడా ఆమె చెప్పినవే, అక్షరం పొల్లుపోకుండా. వాటిని నా నోట పలికించడం ఒక్కటే నా కల్పన.